ఆంధ్ర తీరంలో సునామీ సన్నద్ధత

సముద్రగర్భంలో వచ్చే భూకంపాలు, నేల జారడాలు, అగ్నిపర్వత విస్ఫోటాల వల్ల పుట్టే సునామీ అలల నుంచి ప్రాణాలనూ బతుకుతెరువునూ కాపాడుకోవడానికి తీరవాసులు, ప్రభుత్వాలు ముందుగా చేసుకునే ఏర్పాట్లను సునామీ సన్నద్ధత అంటారు. ముప్పు అంచనా, హెచ్చరిక, తరలింపు, ఆశ్రయం, పునరావాసం ఇందులో భాగాలు. హిందూ మహాసముద్ర తీర దేశాలు దీన్ని తీవ్రంగా పట్టించుకున్నది 2004 డిసెంబరు 26 తర్వాతనే. ఆ రోజు వచ్చిన సునామీలో ఆంధ్రప్రదేశ్‌లో వంద మందికి పైగా చనిపోయారు. ఇప్పుడు హిందూ మహాసముద్రానికి హెచ్చరికలు ఇచ్చే కేంద్రాల్లో ఒకటి, సముద్రమే లేని హైదరాబాదు నగరంలో పనిచేస్తోంది. భూకంపం వచ్చిన నిమిషాల్లో విషయం తెలుసుకునే సాంకేతిక శక్తి ఒడిశా నుంచి తమిళనాడు దాకా ఉన్న తీరమంతటికీ సమానంగా అందుతోంది. దాన్ని గ్రామ స్థాయి అలవాటుగా మార్చుకోవడంలో మాత్రం రాష్ట్రాల మధ్య, ఊళ్ల మధ్య తేడాలున్నాయి.

తీర స్వరూపం, ముప్పు మూలాలు

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సాగే ఆంధ్రప్రదేశ్ తీరం పొడవును చాలాకాలం 974 కిలోమీటర్లుగా లెక్కగట్టారు. వంపులను, పాయలను వివరంగా కలుపుకొన్న కొత్త కొలతలో అది 1,053 కిలోమీటర్లకు పెరిగింది. ఉత్తరాన శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు కొండలు, ఎత్తైన ఇసుక దిబ్బలు తీరానికి దగ్గరగా ఉంటాయి. మధ్యన గోదావరి, కృష్ణా డెల్టాలది పల్లపు నేల. శతాబ్దాలుగా ఆ నదులు తెచ్చిన ఒండ్రే దాన్ని పరచింది. అలాంటి నేల మీద నీరు ఒకసారి గట్టు దాటితే ఆపేది ఉండదు. ఉప్పుటేర్లు, మురుగు కాలువలు, నదీ ముఖాలు అలను ఊళ్ల వెనక్కు కూడా తీసుకుపోతాయి. సముద్రం కనబడని గ్రామానికీ ముప్పు ఉండవచ్చని చెప్పడానికి ఇదే కారణం.

భారతదేశానికి సునామీ ముప్పు తెచ్చే భ్రంశ మండలాలు ప్రధానంగా రెండు. ఒకటి అండమాన్–సుమత్రా మండలం, రెండోది పాకిస్తాన్, ఇరాన్ తీరాల వద్ద ఉన్న మక్రాన్ మండలం. తూర్పు తీరానికి భయం మొదటి దాని నుంచే. లోతైన సముద్రంలో సునామీ గంటకు 600–700 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అండమాన్, నికోబార్ దీవులను అరగంట లోపే తాకగల అల ఆంధ్ర తీరానికి చేరడానికి రెండు మూడు గంటలు పడుతుంది.

ఆ దూరం వల్ల మేలు ఎంతో కీడూ అంతే. సమయం దొరుకుతుంది, కానీ ప్రకృతి ఇచ్చే సూచనలు బలహీనపడతాయి. వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో నేల కదిలితే ఆంధ్ర తీరంలో తెలిసేది స్వల్ప కంపనమే. ఆరుబయట ఉన్నవారికి అది కూడా తెలియకపోవచ్చు. అల రాబోయే ముందు సముద్రం వెనక్కు తగ్గుతుందన్న ప్రచారం కూడా ఇక్కడ సగమే నిజం. 2004లో థాయ్‌లాండ్ వైపు ముందుగా నీరు తగ్గింది. భారత తూర్పు తీరానికి మాత్రం మొదట వచ్చింది అల శిఖరమే, అంటే నీరు పెరగడంతోనే సునామీ మొదలైంది. సముద్రం తగ్గితే పరుగెత్తాలి, తగ్గకపోయినా ధీమా పడకూడదు. అందువల్ల ఆంధ్ర తీరవాసి ప్రధానంగా ఆధారపడాల్సింది బయటి నుంచి వచ్చే హెచ్చరిక మీదనే.

2004కు ముందు

బంగాళాఖాతంలో సునామీలు అరుదు గానీ కొత్తవి కావు. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ దగ్గర వచ్చిన భూకంపం పుట్టించిన అలలను బంగాళాఖాతం చుట్టూ ఉన్న రేవుల్లోని పోటు కొలమానాలు నమోదు చేశాయి. వాటి ఎత్తు ఒక మీటరు కన్నా తక్కువ. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు, 1941 జూన్ 26న అండమాన్ భూకంపం వచ్చినప్పుడు కూడా సముద్రం కదిలింది.

తెలుగు తీరం గుర్తుంచుకున్నది మాత్రం వీటిని కాదు, తుఫానులతో వచ్చిన ఉప్పెనలను. 1789లో, మళ్లీ 1839లో కోరంగి రేవు నీట మునిగింది. 1864 నవంబరు 1న మచిలీపట్నం మీదికి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఎత్తు అయిదు మీటర్ల పైమాట. అధికారిక లెక్కల్లోనే మృతులు పది వేల దాకా ఉన్నారు, సొర్లగొంది వంటి గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఉప్పెన గాలి నెట్టే నీరు, సునామీ భూకంపం కదిలించే నీరు. పుట్టుక వేరైనా ఊళ్లోకి వచ్చాక రెండూ చేసే పని ఒకటే. ఆంధ్రప్రదేశ్ విపత్తు యంత్రాంగం ఉప్పెనల నుంచి నేర్చుకున్న పాఠాల మీదే నిర్మాణమైంది.

2004 డిసెంబరు 26

ఆ ఉదయం భారత కాలమానం ప్రకారం 6 గంటల 29 నిమిషాలకు ఉత్తర సుమత్రా తీరంలో 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున భూఫలకాల సరిహద్దు చీలింది. విశాఖపట్నం రేవులోని పోటు కొలమానం మొదటి అలను 9 గంటల 5 నిమిషాలకు నమోదు చేసింది. మధ్యలో ఉన్న రెండున్నర గంటల్లో తీరానికి ఒక్క హెచ్చరికా రాలేదు. హిందూ మహాసముద్రానికి అప్పట్లో హెచ్చరిక వ్యవస్థే లేదు. హవాయిలోని పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం భూకంపాన్ని గుర్తించినా, ఇక్కడి దేశాలకు కబురు అందించే ఏర్పాటు లేదు.

అది ఆదివారం, పైగా మార్గశిర పౌర్ణమి. మచిలీపట్నం దగ్గరి మంగినపూడి బీచ్‌లో పుణ్యస్నానాలకు వచ్చినవారు నీళ్లలోనే ఉన్నారు. మిగతా తీరంలో వేటకు వెళ్లిన పడవలు ఒడ్డుకు చేరి, వలల నుంచి చేపలు తీసి బేరాలు చేసుకునే వేళ అది. కృష్ణా, ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఎక్కువ నష్టం జరిగింది. పడవలు, వలలు, ఇంజన్లు పోయిన కుటుంబాలకు ఇల్లు నిలిచినా పని నిలవలేదు.

దేశం మొత్తం మీద 10,749 మంది మరణించారనీ, 5,640 మంది గల్లంతయ్యారనీ కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. తమిళనాడులో ఒక్క నాగపట్టణం జిల్లాలోనే ఆరు వేల మందికి పైగా పోయారు. ఆ నష్టంతో పోలిస్తే ఆంధ్ర తీరం తేలిగ్గా బయటపడింది. అందుకు కారణం సన్నద్ధత కాదు, అలల దిశ, తీర స్వరూపం కలిసి రావడమే.

నాలుగు రోజుల తర్వాత, డిసెంబరు 30న, మళ్లీ సునామీ రావచ్చని కేంద్ర ప్రభుత్వం నుంచి వెలువడిన హెచ్చరికతో తమిళనాడు సహా దక్షిణాది తీరంలో జనం ఊళ్లు వదిలి పరుగులు పెట్టారు. సునామీ రాలేదు, సహాయ చర్యలు మాత్రం ఆగిపోయాయి. హెచ్చరిక లేకపోవడం ఎంత ప్రమాదమో, నిర్ధారణ లేని హెచ్చరిక ఎంత చేటో ఆ వారమే తెలిసింది.

హైదరాబాదు హెచ్చరిక కేంద్రం

భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) 1999లో హైదరాబాదులో ఏర్పడింది. ఇప్పుడు ఇది కేంద్ర భూవిజ్ఞాన శాఖ కింద ఉంది. ఇందులో భాగంగా భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరులో పని మొదలుపెట్టింది. 2011 అక్టోబరు నుంచి భారత్, ఆస్ట్రేలియా, ఇండొనేషియా కేంద్రాలు హిందూ మహాసముద్ర దేశాలన్నింటికీ సేవలందిస్తున్నాయి.

కేంద్రం మూడు రకాల సమాచారం మీద నడుస్తుంది. భూకంప నమోదు కేంద్రాల నుంచి తీవ్రత, లోతు, స్థానం తెలుస్తాయి. సముద్రపు అడుగున నీటి ఒత్తిడిని కొలిచే పరికరాలు, వాటికి పైన తేలే బోయాలు అల నిజంగా పుట్టిందో లేదో చెబుతాయి. తీరంలోని పోటు కొలమానాలు అల ఎక్కడి దాకా వచ్చిందో చూపిస్తాయి. రకరకాల భూకంపాలకు అలలు ఎలా ఉంటాయో ముందే గణించి దాచిన నమూనాల్లోంచి దగ్గరిదాన్ని ఎంచి, ఏ తీరానికి ఎంత ఎత్తు అల ఎప్పుడు చేరుతుందో అంచనా కడతారు. మొదటి బులెటిన్ పది నిమిషాల్లో వెలువడుతుంది.

తీరాలకు ఇచ్చే సమాచారంలో మూడు మెట్లున్నాయి. రెండు మీటర్లకు మించిన అల వస్తుందని తేలితే అత్యున్నత స్థాయి హెచ్చరిక ఇస్తారు, అప్పుడు ప్రజలను లోపలికి తరలించాలి. అర మీటరు నుంచి రెండు మీటర్ల దాకా అయితే అప్రమత్తత, అంటే బీచ్‌లను ఖాళీ చేయించాలి. అంతకన్నా తక్కువైతే గమనింపు స్థాయి, తరలింపు అక్కర్లేదు. అల గంటలోపు చేరే అండమాన్ వంటి చోట్లకు భూకంప సమాచారం ఆధారంగానే హెచ్చరిక ఇస్తారు. ఆంధ్ర తీరం వంటి దూర ప్రాంతాల విషయంలో నీటి మట్టం సమాచారంతో నిర్ధారించుకునే వీలుంది. అనవసరపు తరలింపులు తగ్గేది ఇందువల్లే.

2012 ఏప్రిల్ 11న సుమత్రా పశ్చిమాన 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఈ విధానానికి పరీక్ష ఎదురైంది. తూర్పు తీర నగరాల్లో జనం భవనాల నుంచి బయటికి వచ్చారు. కానీ అప్పుడు భూఫలకాలు పక్కపక్కకు జరిగాయే తప్ప సముద్రపు అడుగు పెద్దగా పైకి లేవలేదు. అలలు చిన్నవిగానే వచ్చిపోయాయి.

హెచ్చరిక ఊరికి చేరే దారి

2004 నాటి సమయాలకు ఇప్పటి వ్యవస్థను అన్వయిస్తే లెక్క ఇలా ఉంటుంది. 6.29కి భూకంపం, 6.39 కల్లా మొదటి బులెటిన్, 9.05కు తీరాన మొదటి అల. మొత్తం 156 నిమిషాల్లో హైదరాబాదు వాడుకునేది పది. మిగిలిన 146 నిమిషాల్లో నీటి మట్టం నిర్ధారణ, రాష్ట్ర అత్యవసర కార్యకలాపాల కేంద్రం నిర్ణయం, కలెక్టర్ల ఆదేశం, తహసీల్దార్లు, పోలీసులు, గ్రామ సచివాలయాల కదలిక, చివరికి ఇంటింటికీ కబురు, నడక అన్నీ పూర్తి కావాలి. వృద్ధులను, గర్భిణులను, నడవలేనివారిని తీసుకుపోవాల్సిందీ ఈ వ్యవధిలోనే.

ఇన్‌కాయిస్ బులెటిన్లు కేంద్ర హోం శాఖకు, విపత్తు నిర్వహణ సంస్థలకు, రేవులకు, తీర రక్షక దళానికి, జిల్లా యంత్రాంగాలకు ఒకేసారి వెళతాయి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పడిన రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ఈ సమాచారాన్ని కిందికి పంపుతుంది. ప్రాంతాన్ని బట్టి సెల్‌ఫోన్లకు సందేశాలు పంపే సచేత్ వ్యవస్థ ఇప్పుడు అందుబాటులో ఉంది. అయితే ఫోన్ ఒక్కదాని మీదే ఆధారపడలేమని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూపించింది. విశాఖపట్నంలో కరెంటు, సెల్ టవర్లు రెండూ పడిపోయాయి. సైరన్, గుడి మైకు, చర్చి గంట, మసీదు మైకు, దండోరా ఇప్పటికీ అవసరమే.

గ్రామంలో ఒక్క మైకు చేసే మేలుకు పుదుచ్చేరి దగ్గరి నల్లవాడు ఉదాహరణ. 2004లో ఆ ఊరి యువకుడొకరు సింగపూర్ నుంచి ఫోన్ చేసి సునామీ సంగతి చెప్పాడు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ అక్కడ నెలకొల్పిన గ్రామ సమాచార కేంద్రం మైకులో ఆ కబురు చాటారు. మూడు వేలకు పైగా జనాభా ఉన్న ఊరు ప్రాణాలతో బయటపడింది. ఊరి వాళ్లకు అలవాటైన గొంతు, అప్పటికే వాడుకలో ఉన్న మైకు అక్కడ పనికొచ్చాయి.

తుఫాను అనుభవం: బలం, పరిమితి

దివిసీమ ఉప్పెన తర్వాత ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టాయి. ప్రపంచ బ్యాంకు సాయంతో 2011లో మొదలైన జాతీయ తుఫాను ముప్పు తగ్గింపు పథకం తొలి దశకు ఎంపికైన రెండు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, ఒడిశా. షెల్టర్లు, వాటికి దారితీసే రోడ్లు, వంతెనలు, కరకట్టలు ఆ పథకంలో వచ్చాయి. స్తంభాల మీద కట్టిన షెల్టర్ సునామీకి కూడా పనికొస్తుంది, పరుగెత్తేంత దూరంలో ఎత్తైన నేల లేని డెల్టా గ్రామాల్లో మరీను.

కానీ తుఫాను అలవాట్లన్నీ సునామీకి సరిపోవు. తుఫాను రోజుల ముందే తెలుస్తుంది, ఆకాశం మారుతుంది, రేవుల్లో ప్రమాద సూచిక నంబర్లు ఎగురవేస్తారు. సునామీకి అలాంటి నంబర్లు లేవు, అది ఎండ కాసే పూట కూడా రావచ్చు. తుఫాను తీరం దాటాక ఉప్పెన తగ్గుముఖం పడుతుంది. సునామీలో అలలు విడతలు విడతలుగా గంటల తరబడి వస్తాయి, మొదటిదే పెద్దది కావాలని లేదు. నీరు తగ్గిందని వెనక్కు వచ్చి వలలు వెతుక్కునేవారు రెండో అలకు చిక్కుతారు. ముప్పు తొలగిందన్న ప్రకటన వచ్చేదాకా ఆగాల్సిందే.

పడవల విషయంలో తేడా పూర్తిగా తలకిందులవుతుంది. తుఫాను హెచ్చరిక రాగానే పడవలన్నీ ఒడ్డుకు రావాలి. సునామీ హెచ్చరిక వచ్చినప్పుడు సముద్రంలో ఉన్న పడవ ఒడ్డుకు రాకూడదు. లోతు నీటిలో సునామీ ఎత్తు మీటరు లోపే ఉంటుంది, మరపడవకు అది అల అనిపించదు. సుమారు 50 బారల లోతు దాటి ఉంటే ప్రమాదం తక్కువ. రేవులోనే ఉన్న పడవను కాపాడుకోవడానికి పరుగెత్తడం, ఏటి మొగ గుండా లోపలికి తేవడం అన్నింటికన్నా ప్రమాదకరం. ఇంటి వాళ్లను చూసుకోవాలని ఒడ్డుకు తిరగడం మనిషి సహజం. కాబట్టి ఇంటి వాళ్లు ఎక్కడికి వెళతారో ముందే తెలిసి ఉండటం కూడా సన్నద్ధతలో భాగమే.

మడ, సరుగుడు

కోరంగి అభయారణ్యం, కృష్ణా ముఖద్వారం మడ అడవులు, ఇసుక దిబ్బల మీద పెంచిన సరుగుడు తోటలు ఈ తీరానికి ఉన్న సహజ అడ్డుగోడలు. 2004 తర్వాత తమిళనాడులోని పిచ్చావరం ప్రాంతంపై వచ్చిన పరిశోధనలు మడ వెనక ఉన్న ఊళ్లకు నష్టం తగ్గిందని చెప్పాయి. ఆ ఊళ్లు తీరానికి దూరంగా, ఎత్తుగా ఉండటమే అసలు కారణమని మరికొందరు శాస్త్రవేత్తలు వాదించారు. నేటి అవగాహన ఈ రెంటికీ మధ్యన ఉంది. చెట్లు మోస్తరు అలల జోరు తగ్గిస్తాయి, భారీ సునామీని ఆపలేవు. అందుచేత మడ అడవి తరలింపుకు తోడే తప్ప ప్రత్యామ్నాయం కాదు. ఆనకట్టల వల్ల ఒండ్రు తగ్గడం, ఉప్పాడ వంటి చోట్ల తీరం కోతకు గురికావడం, ఆక్వా చెరువుల కోసం మడ నేల తరిగిపోవడం ఈ రక్షణను బలహీనపరుస్తున్నాయి.

విన్యాసాలు, గుర్తింపు పొందిన గ్రామాలు

హిందూ మహాసముద్ర దేశాలు కలిసి రెండు మూడేళ్లకోసారి సునామీ విన్యాసం నిర్వహిస్తాయి. 2011, 2014, 2016, 2018, 2020, 2023 సంవత్సరాల్లో ఇవి జరిగాయి. 2017 నవంబరు 24న జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, ఇన్‌కాయిస్ కలిసి ఆంధ్రప్రదేశ్ సహా తూర్పు తీర రాష్ట్రాల్లో ఒకేసారి మాక్ డ్రిల్ చేయించాయి.

గ్రామ స్థాయిలో కొలమానం యునెస్కో అనుబంధ అంతర ప్రభుత్వ సముద్ర శాస్త్ర సంఘం ఇచ్చే ‘సునామీ సన్నద్ధ’ గుర్తింపు. దీనికి 12 ప్రమాణాలున్నాయి. ముంపు పటం, ముప్పులో ఉన్న జనాభా లెక్క, తరలింపు దారుల పటం, బహిరంగ స్థలాల్లో సమాచార ఫలకాలు, ఏడాదికి కనీసం మూడు అవగాహన కార్యక్రమాలు, రెండేళ్లకు కనీసం ఒక విన్యాసం, రాతపూర్వక ప్రణాళిక, రాత్రింబగళ్లు హెచ్చరిక అందుకోవడానికీ ఊరికి చాటడానికీ ఒకటికి మించిన మార్గాలు వాటిలో ముఖ్యమైనవి. గుర్తింపు శాశ్వతం కాదు, గడువు ముగిశాక మళ్లీ నిరూపించుకోవాలి.

భారతదేశంలో దీన్ని మొదట, 2020 ఆగస్టులో, పొందినవి ఒడిశాలోని రెండు మత్స్యకార గ్రామాలు. ఒకటి గంజాం జిల్లా వెంకటరాయిపూర్, మరొకటి జగత్‌సింగ్‌పూర్ జిల్లా నోళియాసాహి. ఒడిశాలో నోళియాలని పిలిచే సముద్ర మత్స్యకారుల్లో ఎక్కువ మంది ఆంధ్ర తీరం నుంచి వలస వెళ్లిన తెలుగువారి సంతతి. గంజాం తీరపు మత్స్యకార పల్లెల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. 2024 నవంబరులో మరో 24 ఒడిశా గ్రామాలకు గుర్తింపు దక్కడంతో సంఖ్య 26కు చేరింది. అప్పటికి దేశంలో ఈ గుర్తింపు పొందినవన్నీ ఒడిశావే. అదే వృత్తి, అదే సముద్రం, అదే హైదరాబాదు హెచ్చరిక ఉన్న ఆంధ్ర పల్లెలకు ఇది అందని పని కాదు. 1999 పెను తుఫాను తర్వాత ఒడిశా ప్రత్యేక విపత్తు సంస్థను నెలకొల్పి, గ్రామ కమిటీలతో ఏటా అభ్యాసం చేయించిన ఫలితమే ఆ తేడా.

ఇతర దేశాల అనుభవం

2004 భూకంప కేంద్రానికి అతి దగ్గరలో ఉన్న ఇండొనేషియా దీవి సిములువేలో సుమారు 78,000 జనాభాలో పోయినవారు ఏడుగురే. 1907 నాటి సునామీ కథను తరతరాలుగా పాటలుగా చెప్పుకోవడంతో, నేల కంపించగానే అందరూ కొండెక్కారు. 2011 మార్చి 11న జపాన్‌లో దీనికి భిన్నమైన పాఠం దొరికింది. తారో పట్టణంలో పది మీటర్ల ఎత్తున్న గోడలను అల దాటేసింది, గోడ ఉందన్న నమ్మకంతో కదలనివారు నష్టపోయారు. కామాయిషిలో ఏళ్ల తరబడి అభ్యాసం చేసిన బడి పిల్లలు మాత్రం తామే ముందు పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నారు. నవంబరు 5ను ప్రపంచ సునామీ అవగాహన దినంగా ఐక్యరాజ్యసమితి 2015లో ప్రకటించింది. ముప్పున్న తీర సమాజాలన్నీ 2030 నాటికి సన్నద్ధం కావాలన్నది ఐక్యరాజ్యసమితి లక్ష్యం.

సిములువే పద్ధతిని ఆంధ్ర తీరం యథాతథంగా తీసుకోవడం కుదరదు, ఎందుకంటే ఇక్కడ కంపనం గట్టిగా తెలియదు. ఇక్కడికి పనికొచ్చేది కామాయిషి పద్ధతి, అంటే బడిలో, ఊళ్లో క్రమం తప్పని అభ్యాసం.

అంచనా

శాస్త్ర సాంకేతికత వరకు చూస్తే ఆంధ్ర తీరం 2004తో పోల్చలేనంత భద్రంగా ఉంది. షెల్టర్లు, రోడ్లు, తుఫాను తరలింపుల్లో ఆరితేరిన యంత్రాంగం దీనికి కలిసొచ్చే బలాలు. లోటు మూడు చోట్ల ఉంది. మొదటిది, అభ్యాసం ఎప్పుడో ఒకసారి జరిగే కార్యక్రమంగానే మిగలడం. రెండోది, సునామీని తుఫాను అలవాట్లతోనే ఎదుర్కోవచ్చన్న భావన. మూడోది, ఊరి జాబితాల్లో లేని జనం. కార్తీక పౌర్ణమి నాడు మంగినపూడి, సూర్యలంక తీరాలకు వచ్చే భక్తులు, వారాంతాల్లో విశాఖ రామకృష్ణా బీచ్‌కు చేరే పర్యాటకులు, రొయ్యల చెరువుల దగ్గర కాపురముండే వలస కూలీలు గ్రామ ప్రణాళికల పరిధిలోకి రారు. 2004లో మంగినపూడిలో ప్రమాదంలో చిక్కుకున్నదీ అలా స్నానానికి వచ్చినవారే. స్నాన ఘట్టాల వద్ద సైరన్, తరలింపు బాణం గుర్తులు, పండుగ బందోబస్తులో సునామీ బాధ్యుడు ఉండాలి. వీటికి పెద్ద ఖర్చు కాదు. ఆంధ్ర తీరానికి దొరికే రెండున్నర గంటలు ప్రాణాలు కాపాడటానికి చాలినంత సమయం. ఆ సమయంలో ఎటు వెళ్లాలో ముందే నడిచి చూసుకున్న ఊరికే అది అక్కరకొస్తుంది.